రామన్ చదివిన బడి, వహీదా చదివిన కాన్వెంటు

విశాఖ పాతనగరంలో 1847లో మొదలైన ఒక కాథలిక్ బడిలో చదివిన పిల్లాడికి నోబెల్ వచ్చింది. అదే ఊరి కాన్వెంటులో చదివిన అమ్మాయికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. పూర్వ విద్యార్థుల సన్మానాలు జోరుగా సాగుతున్న ఈ రోజుల్లో ఆ ఇద్దరినీ మనం ఎలా తలుచుకుంటున్నాం?

సంక్రాంతికి అటూ ఇటూ ఏ ఆదివారం రోడ్డెక్కినా విశాఖలో ఏదో ఒక బడి గేటుకి ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. దుబాయ్ నుంచి ఒకరు, డల్లాస్ నుంచి ఒకరు వస్తారు. స్టీల్‌ప్లాంటులో షిఫ్టు మార్చుకుని ఒకరు, పోర్టులో సెలవు పెట్టి ఇంకొకరు వస్తారు. పొద్దున్నే టిఫిన్లు, ఆ వెంటనే ఎసెంబ్లీ. యాభై దాటినవాళ్ళు మళ్ళీ పొట్టి నుంచి పొడుగు వరసలో నిలబడి ప్రార్థన గీతం అందుకుంటారు. రెండో చరణం దగ్గర సగం గొంతులు తడబడతాయి. తర్వాత మాస్టార్లనీ టీచరమ్మలనీ కుర్చీల్లో కూర్చోబెట్టి దండ వేసి, శాలువా కప్పి, కాళ్ళకి దణ్ణం పెడతారు. ‘నువ్వు కిటికీ పక్క బెంచీలో కూర్చునేవాడివి కదరా’ అని ఆ పెద్దావిడ ఆనవాలు పట్టిందా, ఇక ఆ మనిషికి ఆ రోజు పండగే.

ఈ సభలంటే నాకు ఇష్టం. చదువు చెప్పినవాళ్ళని తలుచుకోవడానికి ఇంతమంది పనులు మానుకుని రావడం చిన్న విషయం కాదు. అయితే సభ మధ్యలో ‘మన బడి ఆణిముత్యాలు’ అంటూ కొందరిని వేదిక మీదికి పిలిచే ఘట్టం ఒకటి ఉంటుంది. కలెక్టరయినవాళ్ళు, పెద్ద డాక్టర్లు, అమెరికాలో కంపెనీ పెట్టినవాళ్ళు వరసగా వస్తారు. వాళ్ళేం సాధించారో చదువుతారు, చప్పట్లు కొడతారు. బడి వాళ్ళకేం ఇచ్చిందో, వాళ్ళు చేసిన పనిలో ఇప్పుడు తొమ్మిదో తరగతి చదివే గుంటలకి అందేది ఏముందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ వెలితి ఎక్కడైనా బాధగానే ఉంటుంది. విశాఖ పాతనగరంలో మరీ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ చెప్పుకోవలసింది చాలా ఉంది.

సావోయ్ నుంచి వచ్చినవాళ్ళు

హార్బరుకి దగ్గరగా, పాతనగరం ఇరుకు వీధుల మధ్య సెయింట్ అలోషియస్ ఆంగ్లో ఇండియన్ హైస్కూలు ఉంది. పెట్టింది 1847లో. మొదటి స్వాతంత్ర్య సంగ్రామానికి పదేళ్ళ ముందు, మద్రాసు విశ్వవిద్యాలయం ఇంకా పుట్టని కాలంలో. ఆల్ప్స్ కొండల్లోని సావోయ్ ప్రాంతం, అన్సీ పట్నం నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన ఫాదర్లు 1846లో విశాఖ చేరారు. మరుసటి ఏడాదికే బడి తెరిచారు. అప్పటికి సావోయ్ ఫ్రాన్స్‌లో కూడా లేదు, 1860లో గానీ అందులో కలవలేదు. 1849లో అదే అన్సీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు ఈ తీరానికి వచ్చి ఆడపిల్లల చదువు చేతిలోకి తీసుకున్నారు. మంచు కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళు బంగాళాఖాతం ఉక్కపోతలోకి వచ్చారు. వచ్చిన కొద్ది కాలానికే జ్వరాలతో పోయినవాళ్ళున్నారు. మిగిలినవాళ్ళు తెలుగు నేర్చుకుని ఇక్కడే ఉండిపోయారు. రాస్ హిల్ మీది మేరీమాత గుడి, జ్ఞానాపురం చర్చి, సిస్టర్లు 1958లో పెట్టిన మహిళా కళాశాల అన్నీ ఆ రాకతో మొదలైన కథలోవే.

అప్పటి విశాఖను ఊహించుకోవాలంటే మనకి కళ్ళకి కట్టినట్టున్న చాలావాటిని తీసి పక్కన పెట్టాలి. పోర్టు లేదు. ఓడలు దూరంగా సముద్రంలో లంగరు వేస్తే పడవలవాళ్ళు అలల మీద సరుకు ఒడ్డుకి చేర్చేవాళ్ళు. ఎస్.ఎస్. జలదుర్గ హార్బరులోకి వచ్చింది 1933 అక్టోబరులో. ఇక ఉక్కు కర్మాగారం శంకుస్థాపన 1971 జనవరి నాటి మాట. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 32 మంది ప్రాణాలిచ్చిన ఉద్యమం తర్వాతే అది వచ్చింది. బడి వీటన్నిటికంటే పెద్దది.

లెక్చరరు గారి అబ్బాయి

1892లో చంద్రశేఖర అయ్యర్ అనే లెక్చరరు తిరుచిరాపల్లి నుంచి కుటుంబంతో విశాఖ వచ్చారు. మిసెస్ ఏవీఎన్ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంట్లో పుస్తకాలు బాగా ఉండేవి, ఆయన వయొలిన్ కూడా వాయించేవారు. రెండో కొడుకు వెంకటరామన్‌కి అప్పుడు నాలుగేళ్ళు. ఆ పిల్లాడు చేరిన బడి సెయింట్ అలోషియస్. పదకొండో ఏట మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. పదమూడో ఏట ఎఫ్.ఏ. కూడా ఇక్కడే ముగించి, మొదటి స్థానం తెచ్చుకుని మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళాడు. అక్కడ ఇంగ్లీషు ప్రొఫెసరు ఎలియట్ ఆ చిన్న ఆకారాన్ని చూసి, నువ్వు నిజంగా ఈ బి.ఏ. క్లాసు విద్యార్థివేనా అని అడిగిన సంగతి రామన్ జీవిత చరిత్రల్లో అందరూ చెప్పేదే. 1904లో భౌతికశాస్త్రంలో బంగారు పతకంతో బి.ఏ. పట్టా వచ్చింది. పద్దెనిమిదేళ్ళకి, 1906లో, లండన్ ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’లో మొదటి పరిశోధన వ్యాసం అచ్చయ్యింది.

నాలుగు నుంచి పదమూడు. మనిషికి లెక్కలూ, భాషా, ‘ఎందుకు?’ అని అడిగే అలవాటూ పట్టుబడే వయసంతా ఈ ఊళ్ళోనే గడిచింది. విశాఖ సముద్రమే రామన్‌ని శాస్త్రవేత్తని చేసిందని కొందరు ఉపన్యాసాల్లో అంటుంటారు. నేను అంత మాట అనను. రామన్‌ని తయారుచేసిన వాటిలో తండ్రి పుస్తకాల బీరువా ఉంది, ఇంట్లో వయొలిన్ ఉంది, క్రమశిక్షణ గల బడి ఉంది. వీటి వెనక ఊరికున్న ఒక పాత అలవాటు కూడా ఉంది. ఆ సంగతి విశాఖవాసుల్లోనే చాలామందికి తెలియదు.

1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో ఖగోళ పరిశోధనశాల కట్టించారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. 1874లో సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటిపోవడాన్ని ఆయన ఇక్కణ్ణుంచే పరిశీలించారు. ఏవీఎన్ కాలేజీ పేరులోని ఏవీఎన్ ఈయనే. ముందున్న ‘మిసెస్’ ఆయన భార్య. రామన్ తండ్రి పాఠాలు చెప్పింది ఆ కాలేజీలోనే. అంటే టెలిస్కోపు పెట్టి ఆకాశాన్ని లెక్కగట్టిన పట్నానికే ఆ కుటుంబం వచ్చింది. ఒక పిల్లాడి గొప్పదనం చెప్పేటప్పుడు ఆ పట్నాన్నీ, ఆ ఇంటినీ, ఆ బడినీ ఒకే మాటలో చెప్పాలి. ఏ ఒక్కదాన్ని వదిలేసినా కథ అబద్ధమవుతుంది.

నీలం రంగు లెక్క

రామన్ ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగిగా 1907లో కలకత్తా వెళ్ళారు. పగలు ఆఫీసు. ఆఫీసుకి ముందూ తర్వాతా బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాల. 1917లో ఆ పెద్ద జీతం వదులుకుని కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు. 1921లో ఆక్స్‌ఫర్డ్ సభకి ఓడ మీద వెళ్ళినప్పుడు మధ్యధరా సముద్రం నీలం రంగు ఆయన్ని పట్టుకుంది. ఆకాశం రంగే నీటిలో ప్రతిఫలిస్తుందని అప్పటికి లార్డ్ రేలీ చెప్పిన మాటే లోకానికి ప్రమాణం. రామన్ అంతటితో తృప్తిపడలేదు. తిరుగు ప్రయాణంలో ఎస్.ఎస్. నార్కుండా ఓడ అంచున నిలబడి, జేబులోని నికల్ పట్టకంలోంచి సముద్రాన్ని చూశారు.

ఆ చూపులో ఏముందో కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది ఆర్కే బీచ్‌లో ఏ పిల్లాడైనా చేసి చూడదగ్గ పని. నీటి మీద ఏటవాలుగా పడి తిరిగొచ్చే వెలుగు ఒక ప్రత్యేకమైన కోణం దగ్గర దాదాపు పూర్తిగా ధ్రువణం చెందుతుంది. అంటే దాని కంపనాలన్నీ ఒకే తలంలో ఉంటాయి. పట్టకాన్ని సరైన దిశకి తిప్పితే ఆ ప్రతిఫలించిన వెలుగంతా ఆగిపోతుంది. సముద్రం మీది తళతళ మాయమవుతుంది. సముద్రం రంగు ఆకాశం నీడే అయితే తళతళతో పాటు నీలం కూడా పోవాలి. పోలేదు. ఇంకా చిక్కబడింది. అంటే ఆ నీలం నీటి లోపలి నుంచే వస్తోంది. నీటి అణువులు వెలుగుని చెదరగొట్టడమే దానికి కారణమని రామన్ తేల్చారు. ఓడ బొంబాయి రేవుకి చేరేసరికి ఈ సంగతి రాసిన ఉత్తరం ‘నేచర్’ పత్రికకి సిద్ధమయ్యింది. ఇవాళ ఆ పట్టకం కూడా అక్కర్లేదు. పోలరాయిడ్ చలువ కళ్ళజోడు ఒకటి చాలు, తలని అటూ ఇటూ వంచి చూస్తే తేడా తెలిసిపోతుంది.

అక్కణ్ణుంచి ఏడేళ్ళ పని. పాదరస దీపం వెలుగుని ఒక రంగుకి వడగట్టి ద్రవాల్లోకి పంపితే, చెదిరి బయటికొచ్చిన వెలుగులో లోపలికి వెళ్ళని కొత్త రంగులు కనిపించాయి. కె.ఎస్. కృష్ణన్ తోడుగా సాగిన ఆ వెతుకులాట 1928 ఫిబ్రవరి 28న ఫలించింది. ‘రామన్ ఎఫెక్ట్’కి 1930లో నోబెల్ వచ్చింది. సైన్సులో ఆసియాకి అదే మొదటి నోబెల్. 1954లో భారతరత్న మొదటిసారి ఇచ్చినప్పుడు తీసుకున్న ముగ్గురిలో రామన్ ఒకరు, మిగిలిన ఇద్దరు రాజాజీ, రాధాకృష్ణన్. ఆ రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేసినవారే.

ఆ కాలంలోనే, 1932లో, కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసిన తెలుగువాడు సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చారు. ఇరవై ఎనిమిదేళ్ళకే ప్రొఫెసరయ్యారు. రామన్ ఎఫెక్ట్ మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1940లో వాల్తేరులోనే విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఈ ఊళ్ళో చదువుకున్న పిల్లాడి పని, నలభై ఏళ్ళు తిరక్కుండానే ఈ ఊళ్ళో పాఠ్యగ్రంథంగా అచ్చయ్యింది. పూర్వ విద్యార్థి రుణం తీర్చుకోవడమంటే నాకు తెలిసి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. సన్మాన పత్రాల్లో మాత్రం ఈ వాక్యం నేనెక్కడా చూడలేదు.

వహీదా

సిస్టర్ల వైపు కథకి వద్దాం. మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వ అధికారిగా పనిచేస్తూ బదిలీల మీద తిరిగే ఒక తండ్రి, తన కూతుళ్ళని విశాఖ సెయింట్ జోసెఫ్ కాన్వెంటులో చేర్పించారు. వాళ్ళలో చిన్నమ్మాయి వహీదా రెహమాన్. ఇంట్లో నమాజు, బళ్ళో సిస్టర్ల ప్రార్థన, సాయంత్రాలు భరతనాట్యం. డాక్టరు కావాలన్నది అమ్మాయి కోరిక. తండ్రి చనిపోవడంతో ఇల్లు గడవడం కష్టమై, నేర్చుకున్న నాట్యమే అన్నం పెట్టింది. 1955లో తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’లో కొసరాజు రాసిన ఏరువాక పాటకి ఆమె చేసిన నాట్యం తెలుగు దేశాన్ని ఊపేసింది. ఆ పాట తెలియని తెలుగింటి పెద్దలు ఇప్పటికీ తక్కువే. ఆ సినిమా విజయోత్సవాల్లో, హైదరాబాదులో, హిందీ దర్శకుడు గురుదత్ ఆమె పేరు విన్నారు. తర్వాత ‘సి.ఐ.డి.’, ‘ప్యాసా’, ‘గైడ్’. 1972లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్. 2021 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆమెకి ఇస్తున్నట్టు 2023 సెప్టెంబరులో ప్రకటించారు.

ఆ వార్త వచ్చిన రోజు బొంబాయి పత్రికలు నిండా రాశాయి. మనవాళ్ళు ఏరువాక పాట గుర్తుచేసుకున్నారు. ఆమె పలక పట్టింది మన ఊళ్ళో అని ఎందరు చెప్పుకున్నారు? సినిమాలో పేరు తెచ్చుకున్న ఆడపిల్లని ‘మా బడి అమ్మాయి’ అనడానికి ఒకప్పుడు బళ్ళు జంకేవి. ఆ కాలం పోయింది. ఇంజనీరింగు ర్యాంకుకి కట్టినంత పెద్ద ఫ్లెక్సీ నాట్యానికీ కట్టాలి. చదువుకి బయటి ప్రతిభని గుర్తించడంలో హైదరాబాదు అబిడ్స్‌లోని ఆల్ సెయింట్స్ హైస్కూలు ముందుంది. 1855లో మొదలైన ఆ కాథలిక్ బడి పేరెత్తితే ఎవరైనా ముందు చెప్పేది క్రికెట్టే. ఆబిద్ అలీ, అజహరుద్దీన్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు, నలుగురూ ఆ మైదానం నుంచి దేశం తరఫున ఆడినవాళ్ళే. ఆడుకునే పిల్లాణ్ణి తిట్టకుండా మైదానం అప్పజెప్పిన బడికి ఆ పేరు దక్కింది.

తలుపు ఎవరికి తెరిచారు

ఈ పేర్లన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తిరుచిరాపల్లి బ్రాహ్మణ లెక్చరరు కొడుకు, చెంగల్పట్టులో పుట్టిన ముస్లిం అధికారి కూతురు, హైదరాబాదు గల్లీల కుర్రాళ్ళు. ఒక్కరూ కాథలిక్కులు కారు. తమ మతం పిల్లల కోసం, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల కోసం పెట్టుకున్న బళ్ళలో బయటి పిల్లల్ని కూర్చోనిచ్చారు. ఆ బళ్ళ గౌరవమంతా నాకు ఆ ఒక్క నిర్ణయంలో కనిపిస్తుంది.

మన రాజ్యాంగం కూడా ఆ నిర్ణయాన్ని గట్టి చేసింది. ఆంగ్లో ఇండియన్ బళ్ళకి రాజ్యాంగం అమల్లోకి వచ్చాక పదేళ్ళపాటు ప్రత్యేక గ్రాంట్లు ఇవ్వడానికి 337వ అధికరణం పెట్టారు. దానికో షరతు ఉంది. ఏటా చేర్చుకునే సీట్లలో కనీసం నలభై శాతం ఇతర వర్గాల పిల్లలకి అందుబాటులో ఉంచాలి. గ్రాంట్లు ఆగిపోయి చాలా కాలమయ్యింది, తలుపు మాత్రం మూసుకోలేదు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలే పాతనగరంలో పలచబడ్డాయి. వాల్తేరు రైల్వేలో ఇంజన్లు నడిపినవాళ్ళు, పోర్టులో పనిచేసినవాళ్ళు చాలామంది ఆస్ట్రేలియాకి, ఇంగ్లండుకి వెళ్ళిపోయారు. చట్టసభల్లో వాళ్ళకున్న నామినేటెడ్ సీట్లు కూడా 2020 జనవరితో ముగిశాయి. ఆ ఇళ్ళ టీచరమ్మలు, తెలుగు ఇళ్ళ పిల్లలకి ఇంగ్లీషు ఉచ్చారణ నోట్లో నాటినవాళ్ళు, ఏ ఆణిముత్యాల జాబితాలోనూ లేరు.

మరికొందరూ లేరు. పాతనగరం ఇంటి అరుగుల మీద పోర్టు బొగ్గు ధూళి రోజూ తుడిస్తే రోజూ పేరుకుంటుంది. ఆ ఇళ్ళనుంచే పిల్లలు ఈ బళ్ళకి వస్తారు. జాలరి పిల్లలు, హమాలీల పిల్లలు, చిన్న దుకాణాలవాళ్ళ పిల్లలు. వాళ్ళలో చాలామంది పెద్దయ్యాక షిప్‌యార్డులో వెల్డర్లయ్యారు, స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర నిలబడ్డారు, ఆసుపత్రుల్లో నర్సులయ్యారు, ఇంకో బళ్ళో టీచర్లయ్యారు. మొత్తం కుటుంబంలో మొదట పదో తరగతి ప్యాసయినవాళ్ళు వాళ్ళే. కొడుకుని ఇంజనీరు చేసినవాళ్ళు వాళ్ళే. ఏదైనా సమ్మేళనంలో కలెక్టరు పక్క కుర్చీలో ఒక క్రేన్ ఆపరేటరుని కూర్చోబెట్టి, ‘మా బ్యాచ్‌లో ఈయన చెల్లెళ్ళు ముగ్గురినీ చదివించాడు’ అని మైకులో చెప్పాలని నా కోరిక. అది దయ చూపించడం కాదు. సాధించడమంటే అదీ సాధించడమే.

శాలువా తర్వాత

అమెరికాలో కాథలిక్ హైస్కూళ్ళు చాలావాటికి ‘హాల్ ఆఫ్ ఫేమ్’ ఉంటుంది. ప్రతి ఏడూ కొందరు పాత విద్యార్థుల్ని ఎంపిక చేసి, ఫొటో గోడకెక్కించి, విందు పెడతారు. మన దగ్గరా ఆ పద్ధతి వచ్చేసింది. గోడకి ఫొటో ఉండాల్సిందే, అందులో తప్పు లేదు. కానీ ఫొటో కింద పేరూ పదవీ తప్ప ఇంకేమీ లేకపోతే ఆరో తరగతి పిల్లకి అది గోడ మీది ఇంకో క్యాలెండరు.

ఈ విషయంలో దారి చూపించింది రామన్ గారే. బెంగుళూరులో తన పరిశోధన సంస్థలో ప్రతి అక్టోబరు 2న గాంధీ స్మారకోపన్యాసం ఆయనే ఇచ్చేవారు. మామూలు జనం వచ్చి వినేవారు. 1970 అక్టోబరులో, ఎనభై ఒకటో ఏట, వినికిడి ఎలా జరుగుతుందో చెప్పారు. అదే చివరి ఉపన్యాసం. నవంబరు 21న పోయారు. బడిపిల్లలు సంస్థకి వస్తే తను పోగుచేసిన వజ్రాలు, రంగురాళ్ళు తీసి చూపించి, వెలుగు వాటిల్లో ఏం చేస్తుందో వివరించేవారు. అంత పెద్దమనిషి తన పనిని పిల్లల కళ్ళ ముందు పెట్టేవారు.

1987 నుంచి ఫిబ్రవరి 28ని దేశమంతా జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటోంది. విశాఖలో కూడా క్విజ్‌లు, చార్టులు, ముఖ్య అతిథి ఉపన్యాసాలు ఉంటాయి. ఆ రోజు పాతనగరం బళ్ళన్నీ, కాథలిక్కువీ కార్పొరేషన్‌వీ తేడా లేకుండా, తొమ్మిదో తరగతి పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్ళాలి. చేతికో పోలరాయిడ్ రేకు ముక్క ఇచ్చి, ఓడ మీద ఆయన చేసిన పని వాళ్ళ చేత చేయించాలి. పాత విద్యార్థుల సంఘాలు ఆ రేకుల ఖర్చు పెట్టుకోవచ్చు, ఒక సభకి కొనే మెమెంటోల డబ్బు ఊరి పిల్లలందరికీ సరిపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం నుంచి ఇద్దరు రిసెర్చి విద్యార్థులు వచ్చి తెలుగులో వివరిస్తే చాలు. కాన్వెంటులో అదే పద్ధతిలో ఏడాదికో నాట్య శిబిరం వహీదా పేరు మీద పెట్టొచ్చు. ఫిబ్రవరి చివర్లో పదో తరగతి పరీక్షల హడావుడి అని హెడ్మాస్టర్లు అంటారు, అది నిజమే. అయితే నవంబరు 7 ఉంది. రామన్ పుట్టినరోజు అది. పరీక్షలకి ఇంకా నాలుగు నెలల గడువుంటుంది.